తట్ట లేని ఇల్లు

మోంబ్రాక్,
ఫ్రాన్సు,
9 జూన్ 2024, ఆదివారం

గౌరవనీయులైన ఝాన్సీ అత్తయ్యగారికి,

నేను కూలికి పోలేదు. ముందు ఆ మాట రాసేసి తర్వాత వందనాలు చెప్తాను. వందనాలు.

ఒక్క ఫోటో. మన వాళ్ళ వాట్సాప్ గ్రూపులో నేనే పెట్టాను, నా బుద్ధి తక్కువై. నెత్తిమీద సున్నం బకెట్టు, వెనక కోట బురుజు, నా ముఖంలో నవ్వు. కోట గురించి ఒక్కరూ అడగలేదు. నవ్వు ఎవరికీ కనపడలేదు. మధుబాబు బాబాయి "ఎమ్మెస్ అంటే ఇదా" అని రాశారు. దాని కింద ఏడుపు బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. నాన్నగారు ఏమీ రాయలేదు. ఆయన ఏమీ రాయకపోవడమంటే ఏమిటో మీ తమ్ముడు కాబట్టి మీకు తెలుసు, కూతుర్ని కాబట్టి నాకు తెలుసు. ఆ సాయంత్రమే గ్రూపులోంచి బయటికి వచ్చేశాను. మీకు ఫోన్లో మాట సరిగ్గా వినపడదు, వినపడని చోట మీరే ఊహించి పూరించుకుంటారు. అందుకని కాగితం మీద రాస్తున్నాను.

అసలు సంగతి ఇది. ఏప్రిల్లో మా యూనివర్సిటీ వాళ్ళు క్లాసంతటినీ ఈ కోట చూపించడానికి తీసుకొచ్చారు. లిమోజ్ ఊరు దాటాక బస్సు పల్లెల్లోంచి పోయింది. దారి పొడుగునా గొర్రెలు, పచ్చిక, మళ్ళీ గొర్రెలు. చివర ఒక కొండ, కొండ మీద ఇది. ఎనిమిది వందల ఏళ్ళ నాటిదట. నాలుగు బురుజుల్లో రెండు పడిపోయాయి, ఒకటి పడదామా వద్దా అని ఆలోచిస్తోంది, ఒకటి మాత్రం మన ఊరి కరణంగారిలా ఎవర్నీ లెక్కచెయ్యకుండా నిలబడి ఉంది. రాజులవీ యుద్ధాలవీ కబుర్లు ఏవో చెప్పారు, నేను వినలేదు. గోడ చూస్తూ ఉండిపోయాను.

అత్తయ్యగారూ, మన కోనసీమలో రాయి లేదు. ఎంత లోతు తవ్వినా ఒండ్రే. చిన్నప్పుడు నేను చూసిన రాళ్ళన్నీ ఏటిగట్టు కోసుకుపోకుండా లారీల్లో తెచ్చి పోసినవి, లేకపోతే సమాధుల మీద పరిచినవి. నాలుగేళ్ళు సివిల్ ఇంజనీరింగ్ చదివినా కంకర దాటి నా చేతికి రాయి అందలేదు. ఇక్కడ ఒక్కో రాయినీ ఎవరో చూసి, తిప్పి, చెక్కి, దాని చోట దాన్ని కూర్చోబెట్టారు. మిగతావాళ్ళు పచ్చికలో కూర్చుని రొట్టెలు తింటుంటే నేను గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాను. డ్రైవరు హారను కొట్టి పిలవాల్సి వచ్చింది.

అందుకని ఆఖరి పరీక్షలు అవగానే మళ్ళీ వచ్చాను. వేసవిలో ఇష్టమున్నవాళ్ళు వచ్చి ఇక్కడ పడిపోయిన గోడలు తిరిగి కడతారు. జీతం ఉండదు. భోజనం పెడతారు, పడుకోడానికి గది ఇస్తారు. కోట ఒడీల్ అనే పెద్దావిడది. బురుజు లోపలి మెట్లు నత్తగుల్లలా తిరుగుతూ పోతాయి, ఒక్క మనిషి పట్టేంత ఇరుకు, ఒక చెయ్యి గోడకి కట్టిన తాడు మీద ఉండాలి. అందుకని నేను మఫ్లరు చుట్టి కుదురు చేసుకుని బకెట్టు నెత్తికెత్తుకున్నాను. అప్పుడు తీసిందే ఆ ఫోటో. అంచున ఎవరివో చేతులు అడ్డొచ్చాయి, కత్తిరిద్దామనుకుని వదిలేశాను.

ఇంతే జరిగింది. ఇందులో ఏడవడానికి ఏముందో కాస్త రాయండి.

మీ మేనకోడలు,
కెజియా (కూలీ కాదు)


రాజోలు,
26 జూన్ 2024

కెజియా తల్లికి అత్త ముద్దులు. దేవుడి దయవల్ల మోకాళ్ళు తప్ప నాకన్నీ బాగానే ఉన్నాయి.

నీ ఉత్తరం పోస్టుమాన్ శివనాగరాజు తెచ్చేడు. "ఆయ్, ఫారిన్ కవరండి మేడమ్‌గారండి" అని వీధి మొదట్నుంచీ కేకేసుకుంటూ వచ్చేడు. గుమ్మంలోనే చింపేను. మొదటి వరసకే కళ్ళద్దాలు తీసేసేను. "గౌరవనీయులైన" అట. "మీరు" అట. మాటలొచ్చిన దగ్గర్నుంచీ "అత్తా, నువ్వు" అన్న పిల్లవి. మీ అమ్మ పోయేక నీ జడలు వేసింది నేను. నన్ను స్కూలు ఇన్‌స్పెక్టరుని చేసి కూర్చోబెట్టేవు. కోపమొస్తే తిట్టాలి గాని గౌరవించకూడదమ్మా.

ఇహ విషయానికొస్తాను. కూలికి పోలేదన్నావు. నిజమే, కూలికైతే డబ్బులిస్తారు. జీతం లేదు, తిండి పెడతారు, పడుకోడానికి చోటిస్తారు, కోట దొరసానిది. ఇవన్నీ నీ మాటలే, రెండు సార్లు చదివేను. నా చిన్నప్పుడు మన పేటలో ముసలివాళ్ళు దీన్ని వెట్టి అనేవారు. దానికి వేరే మాట ఏదైనా మీ ఇంజనీరింగులో ఉందేమో నాకు తెలీదు.

నీ పాస్‌పోర్టు నీ దగ్గరే ఉందా? ఆవిడ తీసి దాచిందా? దాచితే ఉత్తరంలో రాయకు, "కొబ్బరి చెట్లు బాగున్నాయా" అని రాయి, నాకు అర్థమవుతుంది.

మీ నాన్నకి ఉత్తరం చూపించలేదు. ఆ వెట్టి అన్న మాట ఒక్కటీ నా నోటమ్మట జారిపోయింది. నా తమ్ముడు దానియేలు కంచం ముందునుంచి లేచిపోయేడు. అమలాపురంలో ఇంజనీరింగు కాలేజీ వాళ్ళతో నీ గురించి మాట్లాడి ఉంచేడు, లెక్చరరు పోస్టు. ఫ్యాను కింద కుర్చీ. సెప్టెంబరులో చేరాలిట. నువ్వు చదివిన చదువుకి అది తగదా?

ఎండలో తిరక్కు.

నీ అత్త,
ఝాన్సీ


మోంబ్రాక్,
10 జూలై 2024

అత్తా,

నువ్వు, నువ్వు, నువ్వు. సరిపోయిందా.

పాస్‌పోర్టు నా సంచీలోనే ఉంది. కొబ్బరి చెట్ల మాట ఎత్తడం లేదు, గమనించు. ఒడీల్ గారు దొరసాని కాదు. ఈ కోట వాళ్ళ తాతలు కట్టింది కాదు. వాళ్ళ నాన్న పశువుల సంతలో దూడలమ్మి, కప్పు ఎగిరిపోయిన కోట చవగ్గా వస్తోందని కొన్నాడట. ఇన్ని గదులుండీ ఆవిడ వంటింట్లో మంచం వేసుకుని పడుకుంటుంది, మిగతా అన్నిచోట్లా కారుతుంది. డెబ్బై దాటాయి. రబ్బరు బూట్లు వేసుకుని మాతోపాటు ఇసక జల్లిస్తుంది. వాన పడితే కోటనే తిడుతుంది, అచ్చం మన గేదెని నువ్వు తిట్టినట్టు.

నీ ఉత్తరం ఒక పని చేసింది. ద్వారం దగ్గర కోట చరిత్ర రాసిన పలక ఉంటుంది. అందులో ఒక మాట నాకు కొరుకుడు పడలేదు: "కొర్వే". ఫోన్లో వెతికితే ఏదో "విధిగా చేయు శ్రమ" అని వచ్చింది, నా మనసుకి ఏమీ తగల్లేదు. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని ఆ పలక ముందు నిలబడితే తెలిసింది. వెట్టి. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు సొంత చేలు వదిలేసి వచ్చి దొరకి ఈ గోడలకి రాయీ సున్నం మొయ్యాలి. జీతం లేదు. అంటే ఈ కోటలో నిజంగా వెట్టి చేసినవాళ్ళున్నారు, నేను కాదు. రాళ్ళు చెక్కినవాళ్ళకి రాయికింత అని కూలి ముట్టేది కాబట్టి ఎవరి రాయి మీద వాళ్ళు గుర్తు గీసుకున్నారు: చేప, బాణం, సిలువ. మోసినవాళ్ళకి గుర్తు లేదు. ఆదివారాలు కోట చూడవచ్చే జనానికి వివరించే పని నాకిచ్చారు. రాజుల కథ అరనిమిషంలో ముగించి వీళ్ళ దగ్గర ఆగుతున్నాను. కొందరికి విసుగు. విసుక్కోనీ.

మొన్న ఒకావిడ, మంచావిడే, నా బకెట్టు చూసి ముచ్చటపడి "మీ వాళ్ళకి ఇది రక్తంలో ఉంటుంది" అంది. మొదటి రోజు రెండు మెట్లెక్కగానే బకెట్టు పడి సున్నమంతా నా బూట్లో పోయిందని చెప్పాను. రక్తంలో ఏమీ లేదు, మెడ నొప్పి మాత్రం ఉంది అన్నాను. ఆవిడ నవ్వింది గాని నమ్మలేదు. మీరు ఫోటో చూసి ఏడుస్తారు, వీళ్ళు చూసి మురుస్తారు. ఇద్దరూ నన్ను తప్ప ఇంకెవర్నో చూస్తున్నారు.

అసలు కబురు ఇప్పుడు. మా తాపీమేస్త్రి పేరు సబీన్. ఆడమనిషి. మన దగ్గర తాపీ పట్టిన ఆడదాన్ని ఎప్పుడైనా చూశావా? మగాడికి తాపీ, ఆడదానికి తట్ట. నేను రెండు వారాలు సున్నం మోశాక సబీన్ తాపీ నా చేతికిచ్చి ఒక రాయి పెట్టమంది. మూడుసార్లు పీకించింది. నాలుగోసారి తన బూటుకాలితో తన్ని చూసి, కదలకపోతే తన పనికి తను వెళ్ళిపోయింది. ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్న రోజు నాకు ఇంత సంతోషం లేదు. ఇక్కడే ఉండి రెండేళ్ళు రాతిపని నేర్చుకోమంటోంది. పని చేస్తూ నేర్చుకోవడం, జీతంతో. జీతం అన్న మాట కింద గీత గీశాను, చూసుకో. ఆగస్టు ఆఖరుకి అవునో కాదో చెప్పాలి.

ఒక్క ప్రశ్న. ఆ రోజు సబీన్ ఎండిన సున్నపు పెళ్ళలు ఏరమని ఒక తట్ట ఇచ్చింది, ఇక్కడి చెట్ల సన్న కొమ్మలతో అల్లింది. చేతిలోకి తీసుకున్నాక తెలిసింది, పుట్టి బుద్ధెరిగాక నేను తట్ట పట్టుకోవడం అదే మొదలు. మామిడికాయలు కోసినా ప్లాస్టిక్ బకెట్టే, కోతల పండక్కి చర్చికి ధాన్యం పట్టుకెళ్ళినా స్టీలు బేసినే. పక్కింటి ఆదిలక్ష్మిగారు పనసపళ్ళు తట్టలో పంపిస్తే నువ్వు గుమ్మం బయటే పళ్ళు తీసుకుని తట్ట తిప్పి పంపేసేదానివి. మన ఇంట్లో తట్ట ఎందుకు లేదు?

నీ కెజియా


రాజోలు,
14 జూలై 2024

అమ్మా కెజియా,

నీ జవాబు ఇంకా రాలేదు. రాకపోయేసరికి భయమేసి మళ్ళీ రాస్తున్నాను.

ఇక్కడ కొంచెం గొడవైంది. మీ నాన్న బాధపడి పాస్టరుగారి దగ్గర చెప్పుకున్నాడు. పాస్టరుగారు ఈవేళ ఆరాధనలో నీ పేరెత్తి ప్రార్థన చేసేరు. "ఐగుప్తులో ఇటుకలు మోసిన నీ ప్రజల్ని విడిపించినట్టు, ఫ్రాన్సు దేశంలో కోట కింద మగ్గుతున్న మా బిడ్డని విడిపించు ప్రభువా" అన్నారు. సంఘమంతా ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. ముందు వరసలో కూర్చుని అనకుండా ఎలా ఊరుకుంటాను.

ఇంటికొచ్చేసరికి ఆదిలక్ష్మిగారు గోడమీంచి పలకరించేరు. "మీ పిల్లని గొలుసులేసి కట్టేసేరంట కదండీ, మా ఆయన గుళ్ళో అర్చన చేయిస్తానంటున్నారండి" అన్నారు. గొలుసులెక్కడివని నేను అడగలేదు. చర్చి నుంచి మా గోడ దాకా వచ్చేలోపు ఎవరో వేసుంటారు. అర్చన వద్దనలేదు. ఎవరు విన్నా మంచిదే.

దానియేలు నీకు ఆగస్టు ఇరవై ఎనిమిదికి టిక్కెట్టు కొనేసేడు. కాలేజీ వాళ్ళకి మాటిచ్చేడు. నువ్వొచ్చేసెయ్. వచ్చేక ఎంతైనా పోట్లాడు, నేను వింటాను, చెవి మిషను పెట్టుకుని మరీ వింటాను.

నీ అత్త


మోంబ్రాక్,
28 జూలై 2024

అత్తా,

ఆమెన్ అన్నావా నువ్వు కూడా.

పాస్టరుగారికి నా వందనాలు చెప్పి ఒక్క సందేహం తీర్చమను. ఐగుప్తులో ఇశ్రాయేలీయులు ఆదివారం మధ్యాహ్నం పని మానేసి ఏట్లో ఈత కొట్టేవారా? ఫరో వాళ్ళకి చిక్కుడుకాయల పులుసు వండి పెట్టి, ఉప్పు సరిపోయిందా అని అడిగేవాడా? నేను అలాంటి ఐగుప్తులో ఉన్నాను. ఎర్రసముద్రం నాకోసం చీల్చక్కర్లేదు, చేపల్ని ఇబ్బంది పెట్టకండి.

నవ్వు రావడం లేదు నాకు. రాజోలు సంఘమంతా నాకోసం మోకాళ్ళూనింది. ఒక్కరు, ఒక్కరు, ఆ పిల్లకి విడుదల కావాలో వద్దో అడుగుదామనలేదు. విడిపించేవాడైనా ముందు అడగాలి. టిక్కెట్టు కొనేముందు నాన్నగారు నాకొక ఫోను చెయ్యొచ్చు. ఆయనకి చెవులు బాగానే పనిచేస్తాయి.

ఆ లెక్చరరు ఉద్యోగంలో నేనేం చెప్తాను? గోడ అంటే ఏమిటో, బరువు ఎలా దిగుతుందో, బోర్డు మీద బాణం గుర్తులు వేసి చెప్తాను. ఒక్క గోడ కట్టని దాన్ని, ఒక్క గోడ కట్టని మాస్టర్ల దగ్గర నేర్చుకున్నదాన్ని, ఒక్క గోడా కట్టని పిల్లల్ని తయారుచేస్తాను. మీకది గౌరవం. నాకు సిగ్గుగా ఉంటుంది.

నేనడిగిన దానికి నువ్వింకా జవాబు చెప్పలేదు. మన ఇంట్లో తట్ట ఎందుకు లేదు? ఈసారి కథలో గొలుసులు ఉంటే ఉన్నవే రాయి, లేనివి రాయకు.

కెజియా


రాజోలు,
10 ఆగస్టు 2024

నా తల్లికి,

నీ రెండుత్తరాలూ అందేయి. మొదటిది వానలకి ఎక్కడో చిక్కుకుని, నీ తిట్ల ఉత్తరం వచ్చిన మర్నాడు తీరుబడిగా వచ్చింది. ముందు తిట్లు తిని తర్వాత కారణం తెలుసుకున్నాను.

తట్ట గురించి అడిగేవు. మా నాన్న, నీ తాతయ్య జాషువా మాస్టారు, ఈ సంగతి పిల్లలకి చెప్పొద్దన్నారు. నువ్వు పిల్లవి కాదని ఇప్పుడు ఒప్పుకోక తప్పదు కాబట్టి చెప్తున్నాను.

మా మామ్మ సంతోషమ్మ, అంటే మీ తాతయ్యవాళ్ళ అమ్మ, ఊళ్ళో భూస్వామి మేడ కట్టినప్పుడు సున్నం మోసింది. కాట్రేనికోన నుంచి పడవల మీద గుల్లలొచ్చేవి, వాటిని కాల్చి సున్నం చేసేవారు. నిండు తట్ట ఒక్క మనిషి నెత్తికెత్తుకోలేదు కెజియా, ఎదుట ఇంకో మనిషి పట్టి ఎత్తాలి. మామ్మ ముట్టుకున్న తట్ట మేస్త్రులు ముట్టుకునేవారు కాదు. సాటి ఆడకూలీలు కూడా, మనవాళ్ళు కాకపోతే, పట్టేవారు కాదు. మనవాళ్ళలో ఆవిడొక్కర్తే ఆ పనిలో ఉండేది. అందుకని తట్ట గట్టు మీద పెట్టి నింపి, గట్టు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తల ఒంచి, తట్టని నెత్తిమీదకి లాక్కుని, ఒక్కర్తే లేచి నిలబడేది. రోజంతా. మీ తాతయ్య అప్పుడు చంటిపిల్లాడు కాదు, చూసి గుర్తుపెట్టుకునే వయసు.

ఆయనకి మిషను స్కూల్లో మాస్టారి ఉద్యోగం వచ్చిన రోజు ఇంట్లో ఉన్న తట్టలన్నీ విరిచి పొయ్యిలో పెట్టేరు. ఆ పూట అన్నం ఆ మంట మీదే ఉడికింది. అప్పటికి నేను పుట్టలేదు, మామ్మ చెప్పింది. అన్నం కొంచెం సున్నం వాసనేసిందని చెప్పి నవ్వేది. ఇక ఈ గుమ్మంలోకి తట్ట రాకూడదన్నారు నాన్న. రాలేదు. నువ్వేమో ఫోటో పెట్టేవు. దానియేలు ఫోన్లో చూసింది నిన్ను కాదమ్మా. వాడు వాళ్ళ మామ్మని చూసేడు.

ఇంకో సంగతి. పోయిన ఆదివారం సాక్ష్యాల వేళ నేను లేచి నిలబడ్డాను. మా పిల్ల ఐగుప్తులో లేదు, పాస్‌పోర్టు దాని సంచీలోనే ఉంది, మీరు చేసిన ప్రార్థన ఇంకెవరికైనా పనికొస్తే దేవుడు అటు మళ్ళించుకుంటాడు అని చెప్పేను. పాస్టరుగారు కాస్సేపు పాటల పుస్తకంలో పేజీలు తిప్పేరు. మీ నాన్న నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు.

అలాగని నేను ఒప్పుకున్నాననుకోకు. నువ్వు రావాలనే నా కోరిక. ఇంత దూరం పైకొచ్చి మళ్ళీ సున్నం దగ్గరికే పోతానంటే నాకు అర్థం కావడం లేదు. అర్థమయ్యేలా రాయి. లేకపోతే ఇరవై ఎనిమిదిన విమానమెక్కు.

నీ అత్త,
ఝాన్సీ


మోంబ్రాక్,
22 ఆగస్టు 2024, గురువారం

అత్తా,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చింది. చదివి మడిచి, మళ్ళీ పనిలోకి వెళ్ళాను. సాయంత్రం ఏటి ఒడ్డున మళ్ళీ చదివాను. సంతోషమ్మ ముత్తవ్వ మోకాళ్ళ మీద కూర్చోవడం దగ్గర ఆగిపోయాను.

తర్వాత ఆ ఫోటో తీసి చూశాను. నువ్వూ తీసి చూడు, నాన్నగారికీ చూపించు. అంచున చేతులున్నాయి, కత్తిరిద్దామనుకున్నానన్నానే, అవి. నా బకెట్టుని రెండువైపులా పట్టి నా నెత్తిమీదకి ఎత్తుతున్నాయి. వేళ్ళ సందుల్లో సున్నం, ఎడమ చేతికి వాచీ. ఒడీల్ గారివి. ఏడ్చినవాళ్ళెవరూ ఆ చేతులు చూడలేదు. నేనూ చూడలేదు. నాకవి అడ్డం అనిపించాయి. ఎత్తడానికి ఇంకో మనిషి కావాలన్న సంగతి కూడా తెలియకుండా నన్ను పెంచారు మీరు. అది తాతయ్యగారి గెలుపే, కాదనను.

ఈ దేశం మోక్షం అని రాయను. ఆ రక్తం మాటన్న ఆవిడ మళ్ళీ ఆదివారం వచ్చింది, ఇంకో ఇద్దరికి నన్ను చూపించడానికి. బకెట్టు ఆవిడ చేతికిచ్చి మీరెక్కండి అన్నాను. మూడో మెట్టు దగ్గర దింపేసింది. నాకు కోపం తగ్గలేదు గాని ఆవిడకి మెడ నొప్పి అర్థమైంది.

అర్థమయ్యేలా రాయమన్నావు. రాస్తాను. ముత్తవ్వ సున్నం మోసింది. ఆ సున్నంతో గోడ ఎలా నిలబడిందో ఆవిడకి ఎవరూ చెప్పలేదు, తాపీ ముట్టుకోనివ్వలేదు. మేడ భూస్వామిది, పనితనం మేస్త్రిది, ఆవిడకి మిగిలింది మోకాళ్ళు. తాతయ్యగారు తట్టల్ని పొయ్యిలో పెట్టారు, మంచి పని చేశారు. కాని ఆ గట్టు దగ్గర్నుంచి మనం అందరం కుర్చీల్లోకి పరిగెత్తాం, తాపీ మాత్రం ఇంకా మేస్త్రి చేతిలోనే ఉంది. నాకది కావాలి. ఈ గుమ్మంలోకి తట్ట రాకూడదన్నారు తాతయ్యగారు. తాపీ రాకూడదని ఆయన అన్నట్టు నువ్వు రాయలేదు.

నిన్న మధ్యాహ్నం నీ ఉత్తరం చదివాక మూడో బురుజులో, పడదామా వద్దా అని ఆలోచిస్తోందన్నానే దాన్లో, ఒక రాయి పెట్టాను. చెక్కింది కూడా నేనే. గుర్తు గీసుకోమంది సబీన్. చేపలూ బాణాలూ అయిపోయాయి కదా. తట్ట గీశాను, బోర్లించిన తట్ట. ఇదేమిటని అడిగింది. మా ఇంటిపేరు అన్నాను.

నాన్నగారికి ఇవాళ పొద్దున్న ఫోను చేసి చెప్పాను. టిక్కెట్టు రద్దు చేసుకోమన్నాను, కాలేజీకి నేనే ఉత్తరం రాసి పంపేశానన్నాను. "మీ అత్తకి చెప్పేవా" అని అడిగారు. చెప్తున్నానన్నాను. పెట్టేశారు.

నీకు ఈ కవరు చేరేసరికి నేను పనిలో చేరిపోయి ఉంటాను. సెప్టెంబరు రెండో తారీకు, సోమవారం. రెండేళ్ళు. నేను రావడం లేదు.

కెజియా,
తాపీ పని